ఫొటో ఇచ్చినంత మాత్రాన పంచే హక్కు రాదు

పాఠకుల ప్రశ్నలు – న్యాయ సలహా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి ఉన్నాయి: నమ్మి ఇచ్చిన ఫొటోనో, తెలియకుండా తీసిన వీడియోనో ఎవరో బయటపెట్టారు, లేదా పెడతామని బెదిరిస్తున్నారు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి ప్రశ్నలను కుదించాం. జవాబుల్లో చెప్పే సెక్షన్లు ఎక్కువగా 2000 నాటి ఐటీ చట్టంలోవి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాల్లోవి: ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహిత, ఎవిడెన్స్ చట్టం బదులు వచ్చిన సాక్ష్య అధినియం. అంతకు ముందు జరిగిన సంగతైతే, మహిళ ఏకాంత చిత్రాలను తీయడం, పంచడం గురించిన న్యాయ సంహిత సెక్షన్ 77 బదులు పాత ఐపీసీ 354సీ వర్తిస్తుంది. శిక్షలో తేడా లేదు.

ప్రశ్న: రెండేళ్లు ప్రేమించుకున్నాం. అప్పట్లో అతను అడిగితే నేనే కొన్ని ఫొటోలు పంపిన. విడిపోయినంక దొంగ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి నా ఇద్దరు స్నేహితురాళ్లకు వాటిని పంపిండు. కేసు పెడతానంటే, "పంపింది నువ్వే, ఏ కేసూ నిలవదు, మీ ఊరంతా చూస్తది" అంటున్నడు. నిజంగానే నాది తప్పా?
– ఒక పీజీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: కాదమ్మా. అతను చెప్పేది అబద్ధం. ఫొటో తీసుకోవడానికి, ఒక మనిషికి పంపడానికి మీరు ఒప్పుకున్నారు. మూడో మనిషి చూడటానికి ఒప్పుకోలేదు. చట్టం ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77లో దీన్ని విడిగా వివరించారు: చిత్రీకరణకు మహిళ సమ్మతించినా, ఇతరులకు చేరవేయడానికి సమ్మతి లేకుండా చేరవేస్తే అది నేరమే. మొదటిసారి రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, దాంతోపాటు జరిమానా. రెండోసారి రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా.

దీనికి ఐటీ చట్టం సెక్షన్లు కూడా కలుస్తాయి. 66ఈ కింద, అనుమతి లేకుండా ఒకరి రహస్య భాగాల చిత్రాన్ని తీసినా, పంపినా, ప్రచురించినా మూడేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా లేదా రెండూ. పూర్తి నగ్నత్వమే ఉండాలని లేదు. లోదుస్తుల్లో ఉన్న చిత్రం కూడా దీని కిందికి వస్తుంది. వేలమంది చూడాల్సిన అవసరమూ లేదు. ఒక్కరు చూడాలని పంపినా "పంపడం" కిందే లెక్క అని చట్టమే చెబుతుంది. మీ స్నేహితురాళ్లు ఇద్దరే కదా అని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఈ సంగతి చెప్పండి. అసభ్య సమాచారాన్ని పంపితే సెక్షన్ 67: మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. అందులో లైంగిక చర్య ఉంటే 67ఏ: మొదటిసారి ఐదేళ్లు, 10 లక్షలు. మళ్లీ చేస్తే ఏడేళ్లు, 10 లక్షలు.

67కూ 67ఏకూ మధ్య తేడా కాగితం మీద ఒక్క అక్షరమే గానీ కేసు నడకలో చాలా పెద్దది. ఐటీ చట్టంలో మూడేళ్ల శిక్ష ఉన్న నేరాలకు బెయిలు హక్కుగా వస్తుంది. న్యాయ సంహిత 77 కింద మొదటిసారి నేరానికీ అంతే. 67ఏ నాన్‌బెయిలబుల్. వీడియోలో లైంగిక చర్య ఉన్నప్పటికీ ఎఫ్‌ఐఆర్‌లో 66ఈ, 67 మాత్రమే రాసి వదిలేస్తే నిందితుడు అదే రోజు బయటికొస్తాడు. అందుకే ఫొటోల్లో, వీడియోల్లో ఏముందో సిగ్గుపడకుండా ఫిర్యాదులో మామూలు మాటల్లో రాయండి. ఏ సెక్షన్ పెట్టాలో తేలేది ఆ వర్ణనను బట్టే.

దొంగ ఖాతా మీ పేరుతో, మీ ఫొటోతో తెరిస్తే 66సీ (ఇంకొకరి గుర్తింపు దొంగిలించడం), 66డీ (ఇంకొకరిలా నటించి మోసం చేయడం) కూడా చేరతాయి. ఒక్కోదానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. "ఊరంతా చూస్తది" అన్న బెదిరింపు విడిగా ఇంకో నేరం. స్త్రీ శీలం మీద నింద వేస్తానని బెదిరిస్తే న్యాయ సంహిత 351 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పేరు దాచుకుని బెదిరిస్తే దానికి అదనంగా ఇంకో రెండేళ్ల దాకా.

ఇలాంటి కేసులు నిలవవు అనేది కూడా ఒట్టి మాట. పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ కోర్టు 2018 మార్చిలో, తనతో సంబంధం తెంచుకున్న అమ్మాయి వీడియోను నెట్‌లో పెట్టిన యువకుడికి ఐదేళ్ల జైలు, 9,000 రూపాయల జరిమానా వేసింది.

ప్రశ్న: మా చెల్లె విషయంలో ఇదే జరిగింది. ఇంట్లో పెద్దలు "అన్నీ డిలీట్ చెయ్యి, సిమ్ మార్చు, మర్చిపో" అంటున్నరు. పోలీసులకు పోతే ఫోన్ గుంజుకుంటరని భయం. అసలు ఏం దాచుకోవాలి, ఎట్లా దాచుకోవాలి?
– ఒక అన్న, జనగామ

జవాబు: ముందుగా, ఏదీ డిలీట్ చేయొద్దు. ఫోన్ రీసెట్ చేయొద్దు, యాప్ తీసేయొద్దు, సిమ్ మార్చొద్దు. ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది చట్టం చాలక కాదు, మొదటి రెండు రోజుల్లో ఇంటివాళ్లే సాక్ష్యాన్ని తుడిచేయడం వల్ల.

అవతలివాణ్ని బ్లాక్ చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. చేయవచ్చు, కానీ ఆ ఖాతా వివరాలు పట్టుకున్నాకే. మెసేజ్ ఒక్కదాన్నే స్క్రీన్‌షాట్ తీస్తే సరిపోదు. పైన కనబడే పేరును ఎవరైనా క్షణంలో మార్చుకోవచ్చు. ప్రొఫైల్‌లోకి వెళ్లి యూజర్‌నేమ్ కనబడేలా ఒకటి తీయాలి, ఆ ప్రొఫైల్ లింకు కాపీ చేసి ఒకచోట అతికించి పెట్టుకోవాలి, ఫొటో ఉన్న పోస్టు లింకు విడిగా తీసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో చాలా ఖాతాలకు "ఈ ఖాతా గురించి" అనే చోట ఎప్పుడు తెరిచారో, ఏ దేశంలో ఉందో కనబడుతుంది. దాన్నీ తీయండి. ఇంకా గట్టి పద్ధతి ఏమిటంటే, పక్కన ఇంకో ఫోన్ పెట్టి వీడియో తీస్తూ ఈ ఫోన్‌లో యాప్ తెరవడం నుంచి ప్రొఫైల్, సంభాషణ, తేదీలు, సమయాల దాకా ఆగకుండా చూపించడం. స్క్రీన్‌షాట్‌ను కల్పించారని వాదించినంత సులువుగా అలాంటి వీడియోను కల్పించారని వాదించలేరు.

వాట్సాప్‌లో అయితే అవతలి నంబరు పూర్తిగా కనబడేలా తీయాలి. మీరు పేరుతో సేవ్ చేసుకుని ఉంటే పేరు మాత్రమే కనబడుతుంది, కాబట్టి కాంటాక్ట్ వివరాల పేజీ కూడా కావాలి. "ఎక్స్‌పోర్ట్ చాట్" నొక్కి సంభాషణ మొత్తాన్ని మీ ఈమెయిల్‌కు పంపుకోండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఆన్‌లో ఉంటే గడియారం తిరుగుతున్నట్టే, ముందు అదే చూడండి. ఒక్కసారే కనబడే ఫొటో పంపితే స్క్రీన్‌షాట్ పడదు, ఇంకో ఫోన్‌తో ఫొటో తీయాల్సిందే.

ఆ ఫొటోలు అందుకున్న స్నేహితులు మీ సాక్షులు. వాళ్లను కూడా డిలీట్ చేయొద్దని చెప్పండి. కానీ "సాక్ష్యం కోసం నాకు పంపు" అని అడగొద్దు, మీరు కూడా బాబాయికో బావకో "చూడండి ఎంత పని చేశాడో" అని పంపొద్దు. మంచి ఉద్దేశంతో పంపినా చెల్లె చిత్రం ఇంకో ఫోన్‌లోకి చేరినట్టే, పైగా అవతలి లాయరు చేతికి ఒక వాదన ఇచ్చినట్టే. అది ఎవరి ఫోన్‌లో వచ్చిందో వారి ఫోన్‌లోనే ఉండాలి. పోలీసులు చూసేదాకా అంతే.

ఫోన్ సంగతి. పోలీసులు తీసుకోవచ్చు, కొన్నిసార్లు తీసుకోక తప్పదు. తీసుకుంటే పంచనామా రాయాలి, ఫోన్‌ను గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరు అందులో ఉండాలి, స్వాధీనాన్ని వీడియో తీయాలని నాగరిక సురక్షా సంహిత 105 చెబుతోంది. పంచనామా నకలు అడిగి తీసుకోండి. సిమ్ వెనక్కి ఇమ్మని అడగండి, బ్యాంకు యాప్‌లు దాంతోనే నడుస్తాయి. ఫోన్ అవసరమైతే కోర్టులో దరఖాస్తు పెట్టి తాత్కాలికంగా వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. అసలు ఫోన్ కోర్టు ముందుకు వస్తే సాక్ష్యం బలంగా ఉంటుంది. ఫోన్ రాకుండా ప్రింట్లు, పెన్‌డ్రైవ్ మాత్రమే ఇస్తే సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ తప్పనిసరి. అందులో రెండు భాగాలుంటాయి: ఒకటి ఫోన్ వాడే మనిషి సంతకం చేసేది, రెండోది నిపుణుడు సంతకం చేసేది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. పాత చట్టంలో 65బీ సర్టిఫికెట్ అనేవారు. ఇది లేక బోలెడు స్క్రీన్‌షాట్లు కోర్టులో పనికిరాకుండా పోయాయి. చార్జిషీటు వేసేలోపే దర్యాప్తు అధికారిని దీని గురించి అడగండి.

ప్రశ్న: ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? మా దగ్గరి ఠాణాలో "ఇది సైబర్ కేసు, మాది కాదు, అతను ఉండేది హైదరాబాద్‌లో కదా, అక్కడికే పో" అన్నరు.
– ఒక గృహిణి, ములుగు

జవాబు: ఏ ఠాణాలో అయినా ఇవ్వొచ్చు. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో పని లేకుండా సమాచారం రాసుకోవాల్సిందే అని నాగరిక సురక్షా సంహిత 173 చెబుతోంది. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. రాసుకున్నాక సంబంధిత ఠాణాకు బదిలీ చేయడం వాళ్ల పని. మీరు బస్సెక్కి హైదరాబాద్ పోవాల్సిన పని లేదు. ఐటీ చట్టం కేసును దర్యాప్తు చేసేది మాత్రం ఇన్‌స్పెక్టర్ లేదా అంతకు పై అధికారి అయి ఉండాలి. ఎస్‌ఐ "నాకు అధికారం లేదు" అంటే దర్యాప్తు మటుకు నిజమే. ఎఫ్‌ఐఆర్ రాయకుండా పంపేయడానికి అది కారణం కాదు.

న్యాయ సంహిత 74 నుంచి 79 దాకా ఉన్న నేరాలపై మహిళ ఫిర్యాదు చేస్తే మహిళా పోలీసు అధికారే రాసుకోవాలి. అది మీ హక్కు, అడగండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో సమాచారం పంపినా చెల్లుతుంది, అయితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్‌పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయవచ్చు. ఆ పేరుతో నెలలు గడిపేస్తే మాత్రం ఊరుకోవద్దు.

ఠాణాలో రాసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్‌లకు ఎస్పీలు ఉన్నారు. వరంగల్, హనుమకొండ, జనగామ వాళ్లు వరంగల్ కమిషనరేట్‌కు రాయాలి, అక్కడ సైబర్‌క్రైమ్ ఠాణా కూడా ఉంది. పోస్టు రసీదు జాగ్రత్త. అక్కడా కదలకపోతే ఆ రసీదుతోనే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తారు.

ఠాణా గడప తొక్కడానికి ఇష్టం లేనివారికి మహిళలపై వేధింపులు చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ ఉన్నాయి, బాధిత మహిళలకు, పిల్లలకు అండగా నిలిచే భరోసా కేంద్రాలు ఉన్నాయి, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు విడిగా ఒక విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ పేరు లేని ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో మీరు తర్వాత చూసుకోలేరు, దర్యాప్తు అధికారి మిమ్మల్ని అడగడానికీ దారి ఉండదు. శిక్ష పడాలని కోరుకుంటే పేరుతో ఇవ్వడమే మేలని మా అభిప్రాయం.

లాయరు ఖర్చు గురించి ఇంకొందరు పాఠకులు అడిగారు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద. తెల్ల కార్డు చూపించాల్సిన పని లేదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రశ్న: కేసు సంగతి తర్వాత, ముందు ఆ వీడియో నెట్‌లో నుంచి పోవాలి. తీసేయిస్తే సాక్ష్యం పోతదని ఒకరు చెప్పిన్రు. ఏది ముందు చేయాలి?
– ఒక ఉద్యోగిని, కరీంనగర్

జవాబు: పైన చెప్పినట్టు లింకులు, స్క్రీన్ వీడియో తీసుకున్నాక వెంటనే తీసేయించండి. ఒక్కరోజు కూడా ఆగొద్దు. తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలని 2021 ఐటీ నిబంధనలు కంపెనీలకు చెబుతున్నాయి. పోలీసులు నోటీసు ఇస్తే అంతకన్నా ఎక్కువ కాలం కూడా ఉంచాలి. ఫిర్యాదులో ఆలస్యం పనికిరాదనడానికి ఈ 180 రోజులు కూడా ఒక కారణం. ఆరు నెలలు ఆలోచించి వెళ్తే అవతలివైపు రికార్డు ఉండకపోవచ్చు.

అవే నిబంధనల ప్రకారం నగ్న చిత్రం, లైంగిక చర్య, మార్ఫింగ్ చేసిన చిత్రం మీద బాధితులు గానీ, వారి తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే కంపెనీ దాన్ని తొలగించే చర్య తీసుకోవాలి. ఆ గడువు 24 గంటలకు మించకూడదని 2021లో రాశారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 2 గంటలకు తగ్గించారు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రిపోర్ట్ బటన్ నొక్కి "నాకు నచ్చలేదు" అనో "స్పామ్" అనో ఎంచుకోవడం. అలా చేస్తే అది మామూలు వరసలో పడుతుంది. నగ్నత్వం, అందులోనూ "అనుమతి లేకుండా పంచిన చిత్రం" అన్న కారణాన్నే ఎంచుకోవాలి. దాంతోపాటు ఆ కంపెనీ భారతదేశ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాయాలి. ఆ అధికారి పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో పెట్టడం కంపెనీ బాధ్యత. మెయిల్‌లో ప్రతి పోస్టు లింకు విడివిడిగా ఇచ్చి, "ఇందులో ఉన్నది నేను, పంచడానికి నా అనుమతి లేదు" అన్న రెండు మాటలు స్పష్టంగా రాస్తే చాలు. చిత్రాన్ని మెయిల్‌కు జత చేయొద్దు. వాళ్లు ఒప్పుకోకపోతే 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు.

గూగుల్ వెతుకులాటలో వస్తుంటే గూగుల్‌కు విడిగా అభ్యర్థన పెట్టాలి. సైటులో తొలగించినా వెతుకులాటలో చిన్న బొమ్మ మిగిలిపోవచ్చు. బాధితురాలు ప్రతి కొత్త లింకు వెతికి తెచ్చిస్తూనే ఉండాలని సెర్చ్ కంపెనీలు పట్టుబట్టకూడదని ఢిల్లీ హైకోర్టు 2023లో చెప్పింది.

ఇంకా బయటపడని ఫొటోలు ఉండి, పెడతాడేమోనన్న భయం ఉంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, 18 ఏళ్లు దాటినవారికి. మీ ఫొటో మీ ఫోన్ దాటి పోదు. దాని నుంచి తయారైన ఒక సంఖ్యల గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి కంపెనీలకు వెళ్తుంది. ఎవరైనా అదే ఫొటో ఎక్కిస్తే అది పట్టుకుంటుంది. దీనికి హద్దులు ఉన్నాయి: కత్తిరించినా రంగులు మార్చినా కొత్త గుర్తు కావాలి, వాట్సాప్‌లో మనిషికీ మనిషికీ మధ్య నడిచే సంభాషణల్లో ఇది పనిచేయదు.

డబ్బిస్తే గంటలో తీసేయిస్తామని మెసేజ్ పెట్టే "ఏజెంట్ల"ను నమ్మొద్దు. పైన చెప్పిన ఏ పనికీ రూపాయి ఖర్చు లేదు.

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన వీడియోను ఇంకో గ్రూపుకు పంపిన. నేను తీసింది కాదు, ఆ అమ్మాయి ఎవరో తెల్వదు. నేను ఒక గ్రూపుకు అడ్మిన్‌ను కూడా. నాకు ఏమన్న అయితదా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: అవుతుంది. పంపిన ప్రతి ఒక్కరికీ 67, 67ఏ వర్తిస్తాయి. తీసింది ఎవరన్నది అక్కడ అడగరు. ఇంకొకరు పెట్టిన దానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. కానీ మీరు పంపింది అడ్మిన్‌గా కాదు, స్వయంగా. ముందుకు పంపడం ఈ క్షణం ఆపండి, మీరు పంపిన గ్రూపులో ఎవరూ పంచొద్దని చెప్పండి. పోలీసులు పిలిస్తే ఎవరి నుంచి వచ్చిందో నిజం చెప్పండి. ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికి ఆ గొలుసే దారి. ఆ వీడియోలో ఉన్నది ఒక ఇంటి బిడ్డ అని పంపే ముందు తట్టాల్సింది.

ప్రశ్న: మా బిడ్డకు పదహారేళ్లు. తోటి పిల్లగాడు బలవంతపెడితే ఒక ఫొటో పంపింది, అది బడంతా తిరిగింది. హెడ్‌మాస్టరు, కులపెద్దలు కూర్చొని "రెండు లక్షలు ఇప్పిస్తం, పిల్ల భవిష్యత్తు చూసుకోండి, కేసు వద్దు" అంటున్నరు.
– ఒక తల్లి, మహబూబాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ఇది పంచాయితీలో తెంపే విషయం కాదు. 18 ఏళ్ల లోపు పిల్లల చిత్రమైతే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, ఐటీ చట్టం 67బీ వర్తిస్తాయి. 67బీకి మొదటిసారి ఐదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. అశ్లీల చిత్రం కోసం పిల్లను వాడుకున్నవారికి పోక్సో 14 కింద ఐదేళ్లకు తగ్గని శిక్ష. చిత్రాన్ని పంచినవారికి సెక్షన్ 15. పిల్లల విషయంలో ఒప్పుకున్నారా లేదా అన్న ప్రశ్నే రాదు. అలాంటి చిత్రాన్ని పంచే ఉద్దేశంతో దగ్గర ఉంచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కాబట్టి ఆ ఫొటో ఫోన్‌లో ఉన్న పెద్దవాళ్లకు కూడా ఇది వర్తించొచ్చు.

పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం గురించి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21 కింద ఆరు నెలల దాకా జైలు. హెడ్‌మాస్టరు గారు ఇప్పుడు ఆలోచించుకోవాల్సింది మీ పిల్ల భవిష్యత్తు గురించి కాదు, ఈ సెక్షన్ గురించి.

మీ బిడ్డను ఠాణా చుట్టూ తిప్పాల్సి వస్తుందని భయపడొద్దు. ఆమె వాంగ్మూలం ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, వీలైనంతవరకు ఎస్‌ఐకి తక్కువ కాని మహిళా అధికారి యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. పోలీసులు 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. పేరు, బడి, ఫొటో ఎక్కడా రాకూడదు. పిల్లగాడు కూడా మైనరైతే అతని కేసు బాలల న్యాయ మండలికి వెళ్తుంది. అతను జైలుకు పోతాడేమోనన్న జాలితో మీ మీద ఒత్తిడి తెచ్చేవారికి ఈ మాట చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే మీతో పాటు నిలబడే మనిషి వస్తారు.

రాజీ గురించి ఇంకొందరు కూడా రాశారు. ఐటీ చట్టం 77ఏ ప్రకారం మహిళలపై, 18 లోపు పిల్లలపై జరిగిన నేరాలను కోర్టు కూడా రాజీకి అనుమతించకూడదు. కులపెద్దలు రాయించుకున్న కాగితానికి చట్టం ముందు విలువ లేదు. పైగా ఆ డబ్బు తీసుకున్నట్టు సంతకం ఉంటే రేపు దాన్నే మీ మీద వాడతారు. సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: నేను మగవాణ్ని. తెలియని అమ్మాయి పేరుతో వీడియో కాల్ వచ్చింది, రికార్డు చేసి డబ్బులడిగిన్రు. ఒకసారి ఇచ్చిన, మళ్లీ అడుగుతున్నరు. ఒప్పుకోకపోతే నా ముఖం అతికించిన ఇంకో వీడియో కూడా పంపుతమంటున్నరు. మగవాళ్లకు చట్టం ఉందా?
– ఒక కార్మికుడు, గోదావరిఖని

జవాబు: ఉంది. న్యాయ సంహిత 77 మహిళలకే గానీ ఐటీ చట్టం 66ఈ, 67, 67ఏ అందరికీ. మీ విషయంలో అసలు బలమైనది బెదిరించి డబ్బు గుంజడం, న్యాయ సంహిత 308, ఏడేళ్ల దాకా శిక్ష.

ఇక రూపాయి కూడా ఇవ్వొద్దు. ఇచ్చినవాణ్ని వాళ్లు వదలరు, ఇవ్వగలడని తెలిసిన మనిషిగా గుర్తు పెట్టుకుంటారు. ఇచ్చిన డబ్బు విషయంలో ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీ నంబరు, తేదీ, సమయం, డబ్బు పోయిన ఖాతా వివరం దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోకముందే ఆపగలిగితే దొరుకుతుంది, గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది. ఆ తర్వాత పరిచయస్తుల జాబితా కనబడకుండా మీ సోషల్ మీడియా ఖాతాలను దాచండి, దగ్గరివారికి "నా పేరుతో దొంగ వీడియో రావొచ్చు, తెరవొద్దు" అని ముందే చెప్పండి. వాళ్ల బెదిరింపుకున్న బలమంతా మీరు ఎవరికీ చెప్పరన్న నమ్మకంలోనే ఉంది.

ముఖం అతికించిన వీడియో విషయంలో ఒక సూక్ష్మం. అందులో శరీరం మీది కాదు కాబట్టి 66ఈ నిలుస్తుందా అన్న వాదన వస్తుంది. ఫిర్యాదులో ఆ ఒక్క సెక్షన్ మీదే ఆధారపడొద్దు. 67, 67ఏలకు శరీరం ఎవరిదన్నది అవసరం లేదు. పరువు తీయడానికి కల్పిత రికార్డు సృష్టించడం న్యాయ సంహిత 336 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం. లోన్ యాప్‌ల మార్ఫింగ్ ఫొటోలతో నలిగిపోయినవారికి కూడా ఇదే దారి.

ప్రశ్న: మా ఆయన దుబాయిల ఉంటడు. విడాకుల మాట వచ్చినప్పటి నుంచి, పెళ్లయిన కొత్తలో తీసిన వీడియోలు మా తమ్ముళ్ల ఫోన్లకు పంపుతున్నడు. భార్యాభర్తలది కాబట్టి కేసు కాదంటున్నరు, పైగా అతను ఇక్కడ లేడు.
– ఒక చెల్లె, జగిత్యాల జిల్లా

జవాబు: పెళ్లి అంటే వీడియో పంచడానికి అనుమతి కాదు. పైన చెప్పిన సెక్షన్లలో భర్తకు మినహాయింపు ఎక్కడా లేదు. వీడియోలు మీ తమ్ముళ్ల ఫోన్లకు ఇక్కడే చేరాయి కాబట్టి నేరంలో ఒక భాగం జగిత్యాలలోనే జరిగినట్టు. అక్కడి ఠాణాలోనే ఎఫ్‌ఐఆర్ అవుతుంది. తమ్ముళ్ల ఫోన్లలో అవి వచ్చిన తేదీ, సమయం, దుబాయి నంబరు కనబడేలా ఉంచండి, తుడిచేయొద్దు. అతని పాస్‌పోర్టు నకలు, వీసా కాగితం, పనిచేసే కంపెనీ పేరు ఇంట్లో ఉంటే ఫిర్యాదుకు జత చేయండి. అవి ఉంటే ఎస్పీ స్థాయి అధికారి కోరి లుకౌట్ నోటీసు పెట్టించడం తేలికవుతుంది. అప్పుడు అతను ఏ విమానాశ్రయంలో దిగినా తెలుస్తుంది.

యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం కూడా గోప్యతను గట్టిగానే కాపాడుతుంది. ఇతరుల ఫొటోలు అనుమతి లేకుండా పంచితే కనీసం ఆరు నెలల జైలు, లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హమ్‌ల జరిమానా, ఈ రెండిట్లో ఏదైనా గానీ రెండూ గానీ పడొచ్చు. అతను ఆ దేశంలో ఉండి పంపుతున్నాడు కాబట్టి అక్కడి పోలీసులకు కూడా ఫిర్యాదు చేసే దారి ఉంది. అక్కడున్న బంధువుల ద్వారా, భారత కాన్సులేట్ సాయంతో ఇది నడపవచ్చు.

దీనితో పాటు 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు అడగండి. భార్య గౌరవాన్ని మంటగలిపే లైంగిక ప్రవర్తన ఆ చట్టంలో హింస కిందే వస్తుంది. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మొదటి విచారణ పెట్టాలి, అవతలివాడు రాకపోయినా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. "ఈ వీడియోలు ఎవరికీ పంపకూడదు" అన్న మాట ఉత్తర్వులో స్పష్టంగా రాయమని అడగండి. దాన్ని దాటితే ఏడాది దాకా జైలు. దరఖాస్తుకు కావాల్సిన గృహహింస నివేదికను సఖి కేంద్రంలోనో, రక్షణాధికారి దగ్గరో ఖర్చు లేకుండా రాసిస్తారు. వెళ్లేటప్పుడు పెళ్లి ఫొటో, ఆధార్, తమ్ముళ్ల ఫోన్లు పట్టుకెళ్లండి.